తెలుగు బడి కోసం జులై 4 టపాకాయల కొట్టు – పర్మిట్ తీసుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

శనివారం_బడి
అందరికీ నమస్కారం. మాది అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలో శాక్రమెంటో పక్కన ఒక ఊరు. ఊరి పేరు చెప్పను, మా కమిటీలో సగం మంది ఇక్కడే తిరుగుతుంటారు. శనివారాలు పిల్లలకి తెలుగు బడి నడుపుతున్నాం. హాలు అద్దె పెంచారు, ప్రతిసారీ తల్లిదండ్రుల ముందు చేయి చాచాలంటే నాకే మొహం చెల్లట్లేదు. మొన్న మీటింగులో ఒకాయన లేచి, జులై నాలుగుకి, ఇక్కడి స్వాతంత్ర్య దినానికి, టపాకాయల కొట్టు పెడదాం, చర్చివాళ్ళు పెడుతున్నారు, బేస్‌బాల్ పిల్లలవాళ్ళు పెడుతున్నారు, టపాకాయల మధ్య పెరిగిన మనకేమైంది అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టి, ఆ పని కాస్తా ఖజానా చూసే నా నెత్తిన పెట్టి ఇళ్ళకెళ్ళిపోయారు. సిటీ అప్లికేషను తెరిచాను. చదివేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది. ఇన్సూరెన్సంటాడు, సైట్ ప్లానంటాడు, లాటరీ అంటాడు. నిజంగా పెట్టి చూసినవాళ్ళుంటే చెప్పండి. పర్మిట్ దొరుకుతుందా, దొరికితే ఏమైనా మిగులుతుందా?

చిచ్చుబుడ్డి_రావు
మావాడి హైస్కూల్ బ్యాండు తల్లిదండ్రుల సంఘం తరఫున నాలుగేళ్ళు కొట్టు నడిపానండి, మీ పక్క ఊళ్ళోనే అనుకోండి. ఉన్నదున్నట్టు చెప్తాను, కాస్త పెద్దదవుతుంది.

కాలిఫోర్నియాలో ఇది రెండంతస్తుల వ్యవహారం. పై అంతస్తులో రాష్ట్రం ఉంది. స్టేట్ ఫైర్ మార్షల్, అంటే రాష్ట్ర అగ్నిప్రమాద భద్రతాధికారి, పరీక్షించి "సేఫ్ అండ్ సేన్" అని ముద్ర వేసిన సరుకే అమ్మాలి, అది కూడా జూన్ 28 మధ్యాహ్నం 12 గంటల నుంచి జులై 6 మధ్యాహ్నం 12 గంటల వరకే. కింది అంతస్తులో ఊరు ఉంది. ముద్ర ఉన్న సరుకైనా సరే మా ఊళ్ళో వద్దు అనే హక్కు ఊరికుంది. శాన్ హోసే, ఫ్రీమాంట్ అలా పూర్తిగా తలుపు మూసేశాయి. ఒప్పుకున్న ఊళ్ళు కూడా ఊరికే ఒప్పుకోవు. రాష్ట్రం ఇచ్చిన రోజుల్లో కొన్ని కోస్తాయి, రాత్రి ఎన్నింటికి కొట్టు కట్టెయ్యాలో చెప్తాయి, మొత్తం ఎన్ని కొట్లో లెక్క పెడతాయి. చాలాచోట్ల ఆ కొట్లు నాన్‌ప్రాఫిట్లకి, అంటే లాభాపేక్ష లేని సంస్థలకి తప్ప ఇంకెవరికీ ఇవ్వరు.

నాన్‌ప్రాఫిట్ అంటే పేరుకి కాదు. ఐఆర్ఎస్ (కేంద్ర పన్నుల శాఖ) ఇచ్చిన 501(సి)(3) లాంటి పన్ను మినహాయింపు కాగితం ఉండాలి, మీ సంస్థ ఆ ఊళ్ళో కనీసం ఇన్నాళ్ళ నుంచి పనిచేస్తోందని చూపించాలి. మా ఊళ్ళో అయితే సభ్యుల్లో ఎంతమంది స్థానికులో కూడా అడిగారు. పక్క ఊరి సంస్థ వచ్చి ఇక్కడి డబ్బు పట్టుకుపోకూడదని వాళ్ళ ఉద్దేశం. మీ బడి రిజిస్టరైన అడ్రసు ఎక్కడిదో ముందు అది చూసుకోండి. మన సంఘాలు సగం ఎవరో ఒకరి ఇంటి అడ్రసు మీద ఉంటాయి, ఆయన ఇల్లు మారితే సంస్థ కూడా ఊరు మారినట్టే.

శనివారం_బడి
రావుగారూ, చూశాను. మా అడ్రసు పాత సెక్రటరీగారిది. ఆయన ఫాల్సమ్ వెళ్ళి రెండేళ్ళయింది. 😐

చిచ్చుబుడ్డి_రావు
నేను చెప్పలే? ముందు అది మార్పించండి, మిగతావి తర్వాత.

కాకరపువ్వొత్తి
అన్నా, మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకు. సేఫ్ అండ్ సేన్ అంటే అసలేంటి? శబ్దం రానివా?

చిచ్చుబుడ్డి_రావు
పేలకూడదు, గాల్లోకి లేవకూడదు, నేల మీద ఇష్టమొచ్చినట్టు పరిగెత్తకూడదు. ఈ మూడూ తీసేశాక మనకి మిగిలేది చిచ్చుబుడ్డి. కొట్లో పెద్ద పెద్ద రంగుల డబ్బాలు, వాటి మీద డ్రాగన్లు, గద్దలు ఉంటాయి, మూత తీస్తే అన్నీ చిచ్చుబుడ్డి చుట్టాలే. తారాజువ్వ, సీమటపాకాయ, రోమన్ క్యాండిల్, మన లక్ష్మీబాంబు అన్నీ నేరం. ఈల వేసే గొట్టాలు కొన్నుంటాయి, పిక్కోలో పీట్ అంటారు. వాటిని కుర్రాళ్ళు పటకారుతో నొక్కి బాంబులు చేస్తున్నారని కొన్ని ఊళ్ళు అవి కూడా అమ్మొద్దన్నాయి. ఇక తమరు కూడా 10 అంగుళాల పొడవు దాటితే చట్టం ప్రకారం ప్రమాదకరమైన జాతే.

కాకరపువ్వొత్తి
😂😂 నేను ఐదున్నర అడుగులు. లోపలేస్తారా?

ఫ్రీమాంట్_అత్తయ్య
నవ్వులాటకేం గానీ నాకు ఈ ఆలోచనే నచ్చలేదు. పిల్లలకి తెలుగు నేర్పే బడి, నిప్పు అమ్మి నడపాలా? ఏప్రిల్ తర్వాత ఇక్కడ చినుకు పడదు. జులైకి కొండలన్నీ ఎండుగడ్డి వాములు. 2020 సెప్టెంబర్‌లో ఎవరో పుట్టబోయే బిడ్డ ఆడో మగో చెప్పే పార్టీలో రంగు పొగ గొట్టం వెలిగిస్తే ఎల్ డొరాడో ఫైర్ అనే కార్చిచ్చు అంటుకుంది, ఒక ఫైర్‌ఫైటర్ ప్రాణం పోయింది. అది పేలేది కాదు, ఎగిరేది కాదు, ఉత్త పొగ. మీ సేఫ్ అండ్ సేన్ అన్న మాటకి అర్థమేంటో నాకు తెలియదు. మా ఊరు మొత్తం వద్దంది, ఆ రాత్రి హాయిగా పడుకుంటాం (అనుకుంటాం, పక్క వీధి కుర్రాళ్ళు పడుకోనిస్తే).

సిద్దిపేట_శీను
అత్తయ్యా, మీ పక్క వీధి కుర్రాళ్ళు కాల్చేవి నాన్‌ప్రాఫిట్ కొట్లో కొన్నవి కాదు. పక్క రాష్ట్రం నెవాడా పోయి డిక్కీ నింపుకుని వచ్చినవి. ఆ సౌండ్ వింటేనే తెలుస్తది.

చిచ్చుబుడ్డి_రావు
శీను అన్నది నిజమే. దొరికితే 50,000 డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు అని కాల్‌ఫైర్ (రాష్ట్ర అగ్నిమాపక శాఖ) ఏటా చెప్తూనే ఉంటుంది. అయినా మా కొట్టు ముందుకి రోజుకి పది మంది వచ్చి గొంతు తగ్గించి "అసలు సరుకు లోపల దాచారా?" అని అడిగేవాళ్ళు. ఇద్దరు మనవాళ్ళు కూడా అడిగారు, ఒకాయన తెలుగులోనే.

అత్తయ్యగారి మాటని మాత్రం కొట్టెయ్యలేను. ఎండుగడ్డి పక్కన చిచ్చుబుడ్డి కూడా నిప్పే. అందుకే కొన్ని ఊళ్ళు అమ్మకం ఒప్పుకున్నా, కొండ పక్క వీధుల్లో కాల్చడం మానేయమంటాయి. ఒప్పుకున్న ఊళ్ళ వాదన వేరేలా ఉంటుంది. జనం ఎలాగూ కాలుస్తారు, పూర్తిగా వద్దంటే డిక్కీ సరుకు కొంటారు, దానికంటే ముద్ర ఉన్నది మన కళ్ళ ముందు కొననివ్వండి అంటారు. ఈ వాదన ఎంతవరకు నిజమో నాకైతే నాలుగేళ్ళలో తేలలేదు. ఆ రాత్రి తొమ్మిదైతే రెండు రకాలూ వినిపించేవి.

ఇన్సూరెన్స్_ఇందిర
మధ్యలో డబ్బు సంగతి. శనివారం_బడి గారూ, మిలియన్ డాలర్ల లయబిలిటీ పాలసీ అని చూసి భయపడ్డారేమో, ఆ పాలసీ మామూలుగా సరుకిచ్చే హోల్‌సేల్ కంపెనీయే తెస్తుంది, అందులో సిటీ పేరు, స్థలం ఇచ్చిన షాపింగ్ సెంటరు పేరు, మీ పేరు చేరుస్తారు. మీరు చూడాల్సింది ఒక్కటే, ఆ సర్టిఫికెట్‌లో మీ సంస్థ పేరు ఐఆర్ఎస్ కాగితంలో ఉన్నట్టే అక్షరం తప్పకుండా ఉందా అని. "తెలుగు" అన్న మాటకి ఇంగ్లిషులో ఎన్ని స్పెల్లింగులు రాస్తారో చూస్తే మీకే అర్థమవుతుంది. ఒక్క అక్షరం తేడా వచ్చి కౌంటర్ దగ్గర ఫైలు తిప్పి పంపినవాళ్ళు నాకు తెలుసు.

ఆడిటర్_అన్నవరం
పన్ను మాట కూడా అనుకుందాం. మీరు నాన్‌ప్రాఫిటే అయినా టపాకాయలు అమ్మితే సేల్స్ ట్యాక్స్ వసూలు చేసి కట్టాలి, దానికి రాష్ట్ర పన్నుల శాఖ, సీడీటీఎఫ్ఏ, దగ్గర తాత్కాలిక సెల్లర్స్ పర్మిట్ తీసుకోవాలి. ఇది వేరు, సిటీ పర్మిట్ వేరు, స్టేట్ ఫైర్ మార్షల్ రిటైల్ లైసెన్సు వేరు. మూడు కాగితాలు. ఫైర్ మార్షల్ దానికి గడువు జూన్ 15, హోల్‌సేల్ వాళ్ళు మీ తరఫున పంపుతాం అంటారు, పంపారో లేదో మీరే అడగండి.

ఇంకోటి, ఇది ముఖ్యం. కొట్లో కూర్చోవడానికి ఎవరికో గంటకింత అని ఇవ్వకండి. పనంతా దాదాపుగా జీతం లేని వాలంటీర్లే చేస్తే ఆ ఆదాయం మీద ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్స్ పడని మినహాయింపు ఉంది. కూలికి మనుషుల్ని పెట్టారంటే ఆ మినహాయింపు చేజారుతుంది. పైగా చాలా ఊళ్ళ నిబంధనల్లో కూడా అదే రాసి ఉంటుంది, అమ్మేవాళ్ళు ఆ సంస్థ మనుషులే అయి ఉండాలి అని.

శనివారం_బడి
అంటే అందరం సెలవు పెట్టి కూర్చోవాలన్నమాట. మిగిలేది ఎంతో ఎవరూ చెప్పట్లేదు. 🙂

చిచ్చుబుడ్డి_రావు
వస్తున్నా. సరుకు, ప్లైవుడ్ కొట్టు, బ్యానర్లు, డబ్బు డ్రాయర్ అన్నీ కంపెనీవి. టీఎన్‌టీ, ఫాంటమ్ లాంటివాళ్ళు. అమ్మగా మిగిలినది వాళ్ళే తీసుకెళ్ళిపోతారు, కాబట్టి సరుకు మీద చెయ్యి కాలదు. అమ్మినదాంట్లో మీ వాటా మీకొస్తుంది. ఎంత అనేది ఒప్పందాన్ని బట్టి, స్థలాన్ని బట్టి. దాంట్లోంచి సిటీ ఫీజులు, ఒక్కోసారి స్థలం అద్దె పోతాయి. మా బ్యాండుకి మంచి ఏడాది ఐదంకెలకి దగ్గరగా వచ్చింది, చెడ్డ ఏడాది డ్రమ్ములకి కొత్త తోళ్ళు వేయించే డబ్బు కూడా రాలేదు. తేడా అంతా స్థలంలో ఉంది. సూపర్‌మార్కెట్ పార్కింగ్ మూల మీద సిగ్నల్ దగ్గర కొట్టుంటే నోట్లు లెక్కపెట్టలేక చస్తారు. చెడ్డ ఏడాది మాకు మూతపడ్డ ఫర్నిచర్ షాపు వెనక ఇచ్చారు. బంధువుల్ని ఫోన్ చేసి పిలిపించుకున్నాం.

ఆ మంచి మూలలన్నీ కంపెనీవాళ్ళ చేతుల్లో ఉంటాయి, షాపింగ్ సెంటర్లతో ముందే మాట్లాడుకుంటారు. అందుకే నా మాట కటువుగా ఉన్నా వినండి. బోర్డు మీద పేరు మీది, లాటరీలో పేరు మీది, ఎండలో కూర్చునేది మీరు. అమ్మేది మాత్రం వాళ్ళు. పిల్లల బ్యాండు కోసమంటే కౌన్సిల్లో చెయ్యెత్తడం తేలిక, ఎవరో వ్యాపారి కోసమంటే ఎత్తరు. నాన్‌ప్రాఫిట్లకే ఇవ్వాలి అన్న నియమం మన మీద ప్రేమ ఒక్కటే కాదు.

ఫ్రీమాంట్_అత్తయ్య
హమ్మయ్య, ఒకరైనా అన్నారు.

ఎల్క్‌గ్రోవ్_ఏలూరోడు
రావుగారూ, అలా చూస్తే గర్ల్ స్కౌట్ పిల్లలు విరాళాల కోసం అమ్మే బిస్కెట్లు కూడా అంతే కదండీ. అయినా ఆ డబ్బు ఊళ్ళో ఉంటుంది, యూనిఫాంలకి, బస్సులకి పోతుంది. మా పిల్లాడి ఫుట్‌బాల్ జట్టు హెల్మెట్లు కొన్నది ఆ కొట్టు డబ్బుతోనే. తేలిగ్గా తీసెయ్యకండి.

చిచ్చుబుడ్డి_రావు
తీసెయ్యట్లేదు నాయనా. నాలుగేళ్ళు నేనే కూర్చున్నాను. ఏం చేస్తున్నామో తెలిసి చేద్దాం అంటున్నా.

బెజవాడ_బుజ్జి
ఈ చర్చ చూస్తుంటే నాకు మా ఊరు గుర్తొస్తోంది. మా పెదనాన్న కొడుకు ఏటా దీపావళికి తాత్కాలిక కొట్టు పెట్టేవాడు. మనదగ్గర నాన్‌ప్రాఫిట్ గొడవ లేదు, అప్లికేషన్ పెట్టు, ఎక్కువమంది వస్తే లాటరీ, పేరొస్తే గ్రౌండులో నంబరు. నేను వెళ్ళి అన్నయ్య పక్కన స్టూలేసుకుని కూర్చుని చిల్లర ఇచ్చేవాణ్ణి. 2008 ఎక్స్‌ప్లోజివ్స్ రూల్స్‌లో ఎంత చక్కగా రాశారో పెద్దయ్యాక చదివాను. కొట్టుకీ కొట్టుకీ కనీసం 3 మీటర్లు, ఇళ్ళూ బళ్ళూ లాంటివాటికి 50 మీటర్లు, కొట్లు ఎదురెదురుగా ఉండకూడదు, మంటంటుకోని సామానుతో కట్టాలి, ఒక గుంపులో 50 మించకూడదు. మా గ్రౌండులో ఆ 3 మీటర్లలో టీ కొట్టుండేది. పైన అందరికీ కలిపి ఒకటే షామియానా గుడ్డ.

2022 అక్టోబర్‌లో విజయవాడ జింఖానా గ్రౌండ్స్‌లో కొట్లు అంటుకుని ఇద్దరు పోయారు. ఆ వార్త వచ్చిన పొద్దున అన్నయ్య నాకు ఫోన్ చేశాడు. ఏమీ మాట్లాడలేదు, "చూశావా" అన్నాడు అంతే. తర్వాత ఏడాది నుంచి కొట్టు పెట్టలేదు, మిక్సీలు రిపేరు చేసుకుంటున్నాడు.

అందుకని శనివారం_బడి గారూ, మీ సిటీ వాడు టేపు తెచ్చి కొలుస్తాడంటే విసుక్కోకండి. కొలవనివ్వండి.

కాకరపువ్వొత్తి
బుజ్జన్నా 🙏

చిచ్చుబుడ్డి_రావు
కొలుస్తారు. అక్షరాలా టేపుతో. మా ఇన్‌స్పెక్షన్ రోజు చెప్తాను, పనికొస్తుంది. ఆవిడ ఫైర్ డిపార్ట్‌మెంట్ నుంచి వచ్చింది, కారు దిగగానే కొట్టు వైపు రాలేదు, ముందు వెనక్కి వెళ్ళింది. అక్కడ ఎండుగడ్డి, ఖాళీ అట్టపెట్టెలు ఉన్నాయి. "ఇవి పోతేగానీ నేను లోపలికి రాను" అంది. మేం ముగ్గురం నలభై నిమిషాలు గడ్డి పీకాం. తర్వాత గోడకి దూరం, రోడ్డుకి దూరం, పెట్రోలు జనరేటరు ఎంత దూరం, వెనక తలుపుకి అడ్డంగా పెట్టెలున్నాయా, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ల ట్యాగులో తేదీ, సిగరెట్ కాల్చరాదన్న బోర్డు. లోపల ఒక్కో రకం తీసి ఫైర్ మార్షల్ ముద్ర చూసింది. చివరికి నన్నడిగింది, "ఇప్పుడు ఇక్కడ మంటొస్తే నువ్వేం చేస్తావు?" నేను ఎక్స్‌టింగ్విషర్ చూపించాను. తప్పు. "లోపలున్న అందరినీ బయటికి పంపి 911కి, అత్యవసర నంబరుకి, ఫోన్ చేస్తావు. సరుకు అంటుకుంటే నువ్వు ఆర్పలేవు." ఆ ఒక్క మాట వాలంటీర్లందరికీ రాసి అంటించాను.

మాజీ_వాలంటీరు_నం_7
మాది తప్పిన కథ, పేర్లు లేకుండా. రాత్రి కాపలాకి ఒకాయన్ని పెట్టాం. నియమం ప్రకారం కొట్లో పడుకోకూడదు, బయట ఉండాలి. ఆయనకి చలేసింది (జులైలో! మా ఊళ్ళో రాత్రి గాలి అలాంటిది), లోపల చాప వేసుకుని పడుకున్నాడు, పక్కన ఫోన్ ఛార్జర్ ఎక్స్‌టెన్షన్ తీగతో. పొద్దున ఆరింటికి తనిఖీ. అక్కడికక్కడే మూసేశారు, జులై 3వ తేదీన! సగం అమ్మకం జరిగేది 3, 4 తేదీల్లోనే. పైగా మరుసటి ఏడాది లాటరీలో మా పేరు వెయ్యనివ్వలేదు. కమిటీలో ఇప్పటికీ ఆయనతో మాట్లాడనివాళ్ళున్నారు. నాకైతే ఆయన మీద కోపం లేదు, ఆయనకి నియమాలు చదివి వినిపించనిది మేమే.

శనివారం_బడి
ఇది చదివాక మా ఆవిడ "వద్దు" అంది. నేను మాత్రం అడ్రసు మార్పించాను, ఫారాలు పెట్టాను. లాటరీకి వెళ్ళాలి.

ఆడిటర్_అన్నవరం
లాటరీలు కూడా ఒక్కో ఊళ్ళో ఒక్కో తీరు. హంటింగ్టన్ బీచ్ వైపు హైస్కూల్ సంఘాలు, పిల్లల ఆటల జట్లు, పౌర సంస్థలు అని వర్గాలు చేసి వేరువేరుగా తీస్తారు. కొన్నిచోట్ల పాతకాపులకి ముందు ఇస్తారు, కొత్తవాళ్ళకి మిగిలితే. మీ ఊరి ఆర్డినెన్స్‌లో, అంటే సిటీ చట్టంలో, ఏముందో చదివారా?

శనివారం_బడి
చదివాను. జనాభాని బట్టి ఇన్నే కొట్లు, కిందటేడు తప్పు చేయనివాళ్ళకి ముందు. అంటే మా వంతుకి రెండే మిగిలాయి, చీటీలు పందొమ్మిది.

సాహితీ_సుబ్బులు
అసలు నా బాధ వేరు. మనకి కావాల్సింది జులైలో కాదు కదా. దీపావళి ఎప్పుడు, ఈ కొట్లు ఎప్పుడు? 2025 అక్టోబర్‌లో గవర్నరు సంతకం పెట్టి దీపావళిని రాష్ట్ర సెలవుల్లో చేర్చారు, అందరం వాట్సాప్‌లో దీపాలు పంపుకున్నాం. అమ్మే రోజులు మాత్రం జూన్ 28, జులై 6 దగ్గరే ఉన్నాయి. యూటాలో దీపావళికి కూడా అమ్ముకోవచ్చని చట్టం తెచ్చారు. మనవాళ్ళు ఇక్కడెందుకు అడగరు?

ఫ్రీమాంట్_అత్తయ్య
సుబ్బులూ, అడిగే ముందు క్యాలెండర్ చూడు తల్లీ. ఇక్కడ అక్టోబర్, నవంబర్ అంటే ఎండుగాలి కాలం. 2017 అక్టోబర్‌లో టబ్స్ ఫైర్. 2018లో దీపావళి నవంబర్ 7న, మరునాడు పొద్దున్నే క్యాంప్ ఫైర్ అనే కార్చిచ్చు, ప్యారడైజ్ ఊరు ఊరంతా పోయింది, 85 మంది. అది కరెంటు తీగల వల్ల వచ్చింది, టపాకాయల వల్ల కాదు, నాకు తెలుసు. నేను చెప్పేది గాలి గురించి. ఆ వారం మా ఇంట్లో దీపాలు గుమ్మంలో కాదు, సింకులో పెట్టాను.

సాహితీ_సుబ్బులు
సింకులో దీపాలు! అత్తయ్యగారూ, ఆ ఫొటో ఉందా? 😄 సరే, ఒప్పుకున్నాను. కానీ మా పిల్లలకి మతాబా వెలుగు తెలియదు. జులై నాలుగున కొని అటక మీద దాచి దీపావళికి కాల్చేవాళ్ళు మా వీధిలో ముగ్గురున్నారు.

ఇన్సూరెన్స్_ఇందిర
అది ఇక్కడ రాయకండి. 😅 చాలా ఊళ్ళలో కాల్చడానికి కూడా జులై రోజులే ఇస్తారు. పైగా వేసవంతా అటక మీద వేడిలో దాచడం మంచిది కాదు, ఇంటి ఇన్సూరెన్స్ మనిషిగా చెప్తున్నా. సంఘం అంతా కలిసి దీపావళి చేసుకోవాలంటే లైసెన్సున్న ఆపరేటర్‌ని పెట్టుకుని, ఫైర్ డిపార్ట్‌మెంట్ దగ్గర పబ్లిక్ డిస్‌ప్లే పర్మిట్ తీసుకోవడం ఒక్కటే దారి. ఖర్చవుతుంది.

సిద్దిపేట_శీను
మనదేశంలో మాత్రం తక్కువనా? 2018లో సుప్రీంకోర్టు దీపావళి రోజు రాత్రి 8 నుంచి 10 దాకనే అన్నది, సరాలు వద్దన్నది, ఆన్‌లైన్ అమ్మకం వద్దన్నది. 2020లో మా తెలంగాణ హైకోర్టు మొత్తానికే బంద్ పెట్టమంటే మరునాడే సుప్రీంకోర్టు మార్చి మళ్ళీ ఆ రెండు గంటలు ఇచ్చింది. ఆ ఒక్కరోజులో మా మామ టపాకాయల కొట్టు మూసి, తెరిచి, బీపీ గోలీ వేసుకున్నడు.

కాకరపువ్వొత్తి
శనివారం_బడి గారూ, లాటరీ ఏమైంది? మేమందరం ఎదురుచూస్తున్నాం.

శనివారం_బడి
రాలేదు. వెయిటింగ్ లిస్టులో మూడో పేరు. కౌన్సిల్ హాల్లో ప్లాస్టిక్ డబ్బాలో చీటీలు వేసి ఒక అమ్మాయి తీసింది. మా పక్కన కూర్చున్న ఈతకొలను పిల్లల సంఘం ఆవిడకి వచ్చింది, ఆవిడ ఏడ్చేసింది పాపం. అది చూశాక నాకు బాధ తగ్గింది. మా ఆవిడ సంతోషం మాత్రం చెప్పలేను.

శనివారం_బడి
అప్‌డేట్. జూన్ 11. ఒక కొట్టు ఖాళీ అయింది. లిస్టులో మా ముందున్న ఇద్దరిలో ఒకరు స్థలం దొరక్క, ఒకరు కాగితాలు లేక తప్పుకున్నారు. మాకొచ్చింది!! ఫైర్ మార్షల్ లైసెన్సుకి నాలుగు రోజులుంది. ఎవరైనా దేవుణ్ణి నమ్మేవాళ్ళుంటే దండం పెట్టుకోండి.

చిచ్చుబుడ్డి_రావు
దండం సంగతి తర్వాత, కంపెనీ వాళ్ళకి ఇప్పుడే ఫోన్ చేసి లైసెన్సు అప్లికేషన్ పంపిన రసీదు మెయిల్ చేయమనండి. "పంపాం" అంటే ఒప్పుకోకండి. వాలంటీర్ల పట్టీ 18 దాటినవాళ్ళతోనే వెయ్యండి, మీ హైస్కూల్ పిల్లలు బయట బోర్డు పట్టుకోవచ్చేమో సిటీని అడగండి. 16 లోపు పిల్లలకి అమ్మకూడదు, గెడ్డం చూసి నమ్మకండి, ఐడీ అడగండి. నీళ్ళ బకెట్లు, గొడుగు, మజ్జిగ. రాత్రి కాపలా మనిషికి కొట్టు బయట కుర్చీ, రగ్గు. నం. 7 గారి కథ ప్రింటు తీసి ఇవ్వండి.

శనివారం_బడి
జులై 8. బతికే ఉన్నాను. కాస్త వివరంగా రాస్తాను, వచ్చే ఏడు ఇంకెవరికైనా పనికొస్తుంది.

స్థలం మరీ గొప్పది కాదు, మరీ ఫర్నిచర్ షాపు వెనకా కాదు. మొదటి రెండు రోజులు ఈగలు తోలుకున్నాం. 3వ తేదీ సాయంత్రం నుంచి లైను కట్టారు. రోడ్డవతల చర్చివాళ్ళ కొట్టుంది, వాళ్ళకి వంద డాలర్ల నోట్లకి చిల్లర అయిపోతే మా దగ్గరికొచ్చారు, మాకు టేప్ అయిపోతే వాళ్ళ దగ్గరికెళ్ళాం. ఒక తాతగారు రోజూ వచ్చి ఒక్క పెట్టే కొని, తెలుగు అక్షరాలున్న మా బ్యానర్ ముందు నిలబడి ఇదేం భాష అని అడిగేవాడు. నాలుగోరోజుకి "బాగున్నారా" అనడం నేర్చుకున్నాడు. అంతకంటే మంచి విద్యార్థి మా బడిలో లేడు.

ఇన్‌స్పెక్షన్‌లో మాకొక తప్పు దొరికింది. సిగరెట్ బోర్డు ఒకవైపే పెట్టాం. అరగంటలో సరిచేశాం. 2025 జులై 1న ఎస్పార్టోలో టపాకాయల గోదాం పేలి ఏడుగురు పోయినప్పటి నుంచి ఈ చుట్టుపక్కల తనిఖీలంటే ఎవరూ తేలిగ్గా తీసుకోవట్లేదని ఇన్‌స్పెక్టర్ అన్నాడు. ఇక్కడికి గంట దూరం కదా. ఆయన చేత్తో పట్టుకున్న పెట్టె కింద పెట్టేటప్పుడు గుడ్డు పెట్టినట్టు పెట్టాడు.

డబ్బు: ఆరు నెలల హాలు అద్దె వచ్చింది, ఇంకొంచెం మిగిలింది. మొత్తం వాలంటీర్ల గంటలు కూడితే, అందరూ గంటకి పది డాలర్లు జేబులోంచి ఇచ్చి ఇంట్లో పడుకున్నా దాదాపు అంతే వచ్చేది. ఇది కమిటీలో చెప్పాను, ఎవరికీ నచ్చలేదు. "సరదాగా ఉంది కదా" అన్నారు. ఉంది. ఎనిమిదేళ్ళుగా ఒకరికొకరు నమస్కారం పెట్టుకుని వెళ్ళిపోయే తండ్రులు రాత్రి పదకొండింటికి ప్లైవుడ్ బల్ల మీద పెరుగన్నం తింటూ చందమామ కథలు చెప్పుకున్నారు. అది లెక్కలో ఎక్కడ రాయాలో తెలియలేదు.

ఫ్రీమాంట్_అత్తయ్య
గంటకి పది డాలర్ల లెక్క నేను మొదట్లోనే చెప్పాల్సింది. అయినా పెరుగన్నం ఎవరు చేశారు?

శనివారం_బడి
మా ఆవిడ. 🙂

ఎల్క్‌గ్రోవ్_ఏలూరోడు
అయితే వచ్చే ఏడు కూడా పెడతారన్నమాట.

శనివారం_బడి
కమిటీ పెడదామంది. నేను ఖజానా పదవి వేరేవాళ్ళకి ఇస్తే వాలంటీరుగా వస్తానన్నాను. రావుగారూ, ఒక చిన్న ప్రశ్న మిగిలింది. ఎక్స్‌టింగ్విషర్లు రెండు మేమే కొన్నాం, అవి బడి హాల్లో పెట్టుకోవచ్చా?

చిచ్చుబుడ్డి_రావు
పెట్టుకోండి. ట్యాగు మీద తేదీ చూసుకోండి, ఏడాది తిరిగేసరికి లైసెన్సున్నవాడి చేత సర్వీసు చేయించి కొత్త ట్యాగు వేయించాలి. వచ్చే జూన్‌లో ఆవిడ మొదట చూసేది అదే.